దిగిన చోట మొదటి ప్రశ్న: అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ను యాత్రా రచనగా చదివితే

1

యాత్రా రచన అనగానే మన సాహిత్య చరిత్రకారులు ఒక జాబితా చదువుతారు. ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'తో మొదలెట్టి, లండన్ వెళ్ళొచ్చినవాళ్ళు, రష్యా వెళ్ళొచ్చినవాళ్ళు, అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చినవాళ్ళు, ఇలా సాగుతుంది ఆ జాబితా. అందులో వెలివాడ నుంచి బయల్దేరినవాళ్ళ ప్రయాణం దాదాపుగా కనబడదు. దళితులు ప్రయాణాలు చెయ్యలేదా? చేశారు. సముద్రాలే దాటారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, నాటాల్‌లో చెరకు నరికారు. కానీ వాళ్ళ ప్రయాణానికి యాత్ర అన్న పేరు దక్కలేదు. వలస అన్నారు, కూలి అన్నారు. యాత్ర చేసేవాడికి చూపు ఉంటుందనీ, వలస పోయేవాడికి ఆకలి మాత్రమే ఉంటుందనీ ఒక నమ్మకం ఈ పేర్ల వెనక ఉంది.

కొత్త దేశంలో కాలుపెట్టిన మొదటి రోజు గురించి రాయడానికి ఒక అచ్చు కూడా స్థిరపడిపోయింది. ఓడ దిగుతాడు, లేదా విమానం దిగుతాడు. రోడ్ల వెడల్పు చూసి ఆశ్చర్యపోతాడు. చలికి వణుకుతాడు. అన్నం దొరక్క ఆవకాయను తల్చుకుంటాడు. ఎవరి పని వాళ్ళు చేసుకోవడం చూసి మెచ్చుకుంటాడు. ఈ అచ్చులో ఒక సంగతి మాత్రం రాదు: ఈ యాత్రికుడు బయల్దేరిన ఊళ్ళో ఎక్కడ ఉండేవాడు? ఊళ్ళోనా, వాడలోనా? తొలి చూపు అనేది కళ్ళతో మాత్రమే చూసేది కాదు. వెనక వదిలొచ్చిన దానితో కొలిచి చూసేది. కాబట్టి వదిలొచ్చింది ఏమిటో తెలియకుండా ఏ తొలి ముద్రనీ మనం చదవలేం.

ఈ దృష్టితో అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ను మళ్ళీ చదవాల్సి ఉంది. 1930ల మధ్యలో రాసిందని భావిస్తున్న ఈ చిన్న రచన ఆయన బతికుండగా అచ్చుకాలేదు. 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ చిన్న పుస్తకంగా వేసింది. 1993లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన రచనల పన్నెండో సంపుటంలో చేరింది. దీన్ని మనం ఆత్మకథా శకలంగా, సాక్ష్యంగా చదువుతూ వస్తున్నాం. అది సరైందే. కానీ ఇందులోని ఆరు భాగాల్లో మొదటి నాలుగూ ప్రయాణాలే. 1901లో మసూర్ స్టేషన్ నుంచి కోరెగావ్‌కి ఎడ్లబండి మీద, విదేశం నుంచి తిరిగొచ్చాక బరోడాకి, 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా మీద, 1934లో నాసిక్ మీదుగా దౌలతాబాద్‌కి. నాలుగు చోట్లా ఒకటే నిర్మాణం. మనిషి ఒక కొత్త చోట దిగుతాడు. దిగగానే అతనికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: నువ్వెవరు?

2

ముందు పక్కన పెట్టి చూడ్డానికి వీరాస్వామిని తీసుకుందాం. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే నెలలో పల్లకీలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చాడు. వెంట దాదాపు వంద మంది పరివారం. దారి పొడుగునా రాసిన రాతలు 1838లో పుస్తకమయ్యాయి. తెలుగు వచనంలో అది పెద్ద మైలురాయి, ఆ గౌరవాన్ని ఎవరూ కాదనక్కర్లేదు. కానీ అందులో ప్రతి మజిలీ దగ్గరా ఆయన ఏం లెక్క రాస్తాడో చూడండి. ఇక్కడ బ్రాహ్మణ ఇళ్ళు ఉన్నాయా, అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళ వసతి ఉందా, దిగడానికి చోటుందా. తరవాత వచ్చే యాత్రికుడికి ఉపయోగపడాలన్నది ఉద్దేశం. ఆ తరవాత వచ్చే యాత్రికుడు ఎవరు? బ్రాహ్మణ ఇళ్ళు ఉంటే ఎవరికి ఉపయోగమో అతనే. ఆ పల్లకీ మోసిన బోయీలు అదే దారిలో నడిచారు, అవే ఊళ్ళు చూశారు. వాళ్ళకి అవి ఎలా కనబడ్డాయో పుస్తకం చెప్పదు.

డెబ్బై ఏళ్ళ తరవాత కోరెగావ్ దారిలో తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఎదురైనవీ అవే రెండు సంగతులు: నీళ్ళు, దిగే చోటు. వీరాస్వామి నీళ్ళు ఉన్నాయా అని అడుగుతాడు. ఈ పిల్లలకి నీళ్ళు ఉన్నాయని తెలుసు. ఇస్తారా అన్నదే వాళ్ళ ప్రశ్న. తెలుగు యాత్రా సాహిత్యాన్ని బోధించే ప్రతి తరగతిలోనూ ఈ రెండు ప్రశ్నల్నీ పక్కపక్కన పెట్టాలి. అప్పుడు 'దారి' అన్న మాటకి ఈ దేశంలో రెండు అర్థాలున్నాయని విద్యార్థికి తెలుస్తుంది.

కోరెగావ్ ఘట్టంలో అంబేద్కర్ ఒక వివరం ఇచ్చి ఊరుకుంటారు, దాని మీద వ్యాఖ్యానం చెయ్యరు. తండ్రి అక్కడ కాషియర్‌గా ఉన్నది ఎందుకంటే, కరువులో చచ్చిపోతున్న జనానికి పని ఇవ్వడానికి ప్రభుత్వం ఒక చెరువు తవ్విస్తోంది. చెరువు పనికి జీతాల లెక్క చూసే మనిషి పిల్లలకి, ఆ చెరువు దగ్గరికి పోయే దారిలో గుక్కెడు నీళ్ళు పుట్టలేదు. బుట్ట నిండా తిండి ఉంది. నీళ్ళు లేక తినలేకపోయారు. టోల్ వసూలు చేసేవాడి దగ్గర ముసల్మానులమని చెప్పమని బండివాడే సలహా ఇచ్చాడు. పిల్లలు ఉర్దూలో అడిగారు. అయినా దొరకలేదు. విమర్శకులు 'వ్యంగ్యం' అని పిలిచేది ఇక్కడ రచయిత కల్పించింది కాదు. వాస్తవమే అలా ఉంది. ఆయన దాన్ని చెడగొట్టకుండా కాగితం మీద పెట్టారు.

3

బట్టల సంగతి చూద్దాం. కొత్త దేశానికి పోయేవాడి మొదటి ఆందోళన బట్టలే. గాంధీ 1888లో ఇంగ్లండ్‌లో దిగినప్పుడు తెల్ల ఫ్లానెల్ సూటు వేసుకున్నాడు. ఒడ్డున చూస్తే అలాంటి బట్టల్లో ఉన్నది తానొక్కడే. సామాన్లు ఏజెంటు చేతిలో పడ్డాయి, మార్చుకునే వీల్లేదు. సిగ్గుతో చితికిపోయానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఇది సున్నితమైన, చదివించే ఘట్టమే. ఇందులో బట్టలు మనిషిని వేరుచేశాయి. రెండ్రోజుల్లో బట్టలు మారిస్తే ఆ వేరు పోతుంది.

మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లలవీ కొత్త బట్టలే. ఇంగ్లీషు చొక్కాలు, తళుకు టోపీలు, పట్టంచు ధోవతులు. ఆ బట్టలు చూసి స్టేషన్ మాస్టర్ బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. జాలిపడి పలకరించాడు. మేం మహార్లం అని పిల్లవాడు అమాయకంగా చెప్పగానే ఆ మొహం మారిపోయింది. ఇక్కడ బట్టలు మనిషిని కలిపాయి, ఒక్క మాట విడగొట్టింది. ఆ మాటని మార్చుకునే దుకాణం ఏ ఊళ్ళోనూ లేదు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాడు బండి తోలలేదు. పిల్లలు తోలుకుంటూ పోతే తాను పక్కన నడిచాడు. డబ్బుంటే కులం పోతుందని ఈనాటికీ సభల్లో వాదించేవాళ్ళున్నారు. వాళ్ళు ఈ రెట్టింపు కిరాయి సంగతి చదవాలి. ఇంకో మెట్టు పైకెళ్ళి చాలీస్‌గావ్ చూడాలి. అప్పటికి అంబేద్కర్ బారిస్టరు, ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో సభ్యుడు. ఆయన్ని ఎక్కించుకోవడం ఏ టాంగావాలా మర్యాదకీ కుదరలేదు. తోలడం రాని మహార్ మనిషి ఒకరు తోలితే, వంతెన దగ్గర టాంగా ప్రమాదంలో పడి ఆయన కాలు విరిగింది.

సముద్రం దాటడం గురించి కూడా ఇదే తేడా. గాంధీ బయల్దేరేముందు బొంబాయిలో మోఢ్ బనియా కులపెద్దలు ఆయన్ని వెలివేశారు. సాగనంపడానికి వచ్చినవాడికి రూపాయి నాలుగణాల జరిమానా అన్నారు. సవర్ణుడికి సముద్రం దాటితే కులం పోతుంది, అందుకే అది నష్టం, ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సిన పాపం. అంటరానివాడికీ సముద్రం దాటితే కులం పోతుంది, అందుకే అది ఊపిరి. ఒకే ఓడ, ఒకే సముద్రం. దిగిన రేవులో ఇద్దరికీ కలిగే తొలి ముద్ర ఒకటే ఎలా అవుతుంది?

4

అంబేద్కర్ 1913 జూలైలో న్యూయార్క్‌లో దిగారు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భతేనా అనే పార్శీ మిత్రుడితో కలిసి ఉన్నారు. ఆ మహానగరం గురించి, ఆ భవనాల గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఏముంది? దాదాపు ఏమీ లేదు. యూరపు, అమెరికాల్లో గడిపిన అన్నేళ్ళలో తాను అంటరానివాణ్ణన్న స్పృహే తన మనసులోంచి తుడిచిపెట్టుకుపోయిందని ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతారు. యాత్రా రచనల అచ్చుకి అలవాటుపడ్డ పాఠకుడికి ఇది లోటుగా కనిపించొచ్చు. నా ఉద్దేశంలో ఇదే ఈ రచనలో అతి ముఖ్యమైన నిర్ణయం. కొత్త దేశం ఇచ్చిన తొలి ముద్ర, అక్కడున్నదేదో కాదు. ఇక్కడుండేది అక్కడ లేకపోవడం. లేకపోవడాన్ని వర్ణించడం కష్టం. అది ఉన్న చోటికి తిరిగొచ్చినప్పుడే దాని పరిమాణం తెలుస్తుంది.

అందుకే అసలు 'తొలి ముద్రలు' బరోడాలో మొదలవుతాయి. స్టేషన్లో దిగగానే, నేనెక్కడికి పోవాలి, నన్నెవరు రానిస్తారు అన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. హిందూ హోటళ్ళు రానివ్వవు. అమెరికాలో కలిసి తిరిగిన స్నేహితులు ఈ ఊళ్ళోనే ఉన్నారు, కానీ ఇంటికి రానిస్తారన్న నమ్మకం లేదు. చివరికి ఒక పార్శీ సత్రంలో, రిజిస్టర్‌లో పార్శీ పేరు రాయించుకుని, రోజుకి రూపాయిన్నర కిరాయికి చేరారు. పై అంతస్తులో చిన్న గది. పక్కన విరిగిన కుర్చీలూ బల్లలూ పడేసిన పెద్ద హాలు. కరెంటు దీపం లేదు, హరికేన్ లాంతరు. పదకొండో రోజు పొద్దున్నే కర్రలతో డజను మంది వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ మిత్రుడు, నువ్వొస్తే మా నౌకర్లు వెళ్ళిపోతారన్నాడు. ఒక క్రైస్తవ మిత్రుడు భార్యని అడగాలన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ మూలం నుంచి వచ్చినవాళ్ళు. ఆయన ఒక తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు.

ఈ ఘట్టాన్ని యాత్రికుడి కళ్ళతో చదివితే ఒకటి స్పష్టమవుతుంది. భాష రాని దేశంలో దిగినవాడు పడే బాధలన్నీ ఇక్కడున్నాయి. ఎవరిని అడగాలో తెలియదు, పేరు మార్చుకోవాలి, ఏ నిమిషాన గెంటేస్తారో తెలియదు. అయితే ఇది ఆయన చదువుకి డబ్బిచ్చిన రాజ్యం. ఆయన ఉద్యోగం చెయ్యడానికి ఒప్పంద పత్రం రాసిచ్చిన రాజ్యం. న్యూయార్క్‌లో అసలు పేరుతో గది దొరికిన మనిషికి స్వదేశంలో దొంగ పేరుతో పదకొండు రోజులే దొరికింది.

దౌలతాబాద్ ఘట్టం మన తెలంగాణ చరిత్రకి దగ్గరది. అప్పుడది నిజాం రాజ్యం. ముప్పై మంది దాకా కార్యకర్తలు వేరుల్ గుహలు చూద్దామని బయల్దేరి, దారిలో కోట దగ్గర ఆగారు. ఒళ్ళంతా దుమ్ము. గుమ్మం ముందున్న చిన్న కొలనులో కొందరు మొహం కడుక్కున్నారు. తెల్ల గడ్డం ముసలాయన, ధేడ్‌లు నీళ్ళు మైలపరిచారని అరుస్తూ వచ్చాడు. గుంపు చేరింది. అది రంజాన్ నెల. చివరికి ఒక సాయుధ సిపాయిని వెంటబెట్టి, ఎక్కడా నీళ్ళు ముట్టకూడదన్న షరతు మీద కోట చూపించారు. తుపాకీ కాపలాలో కోట చూసిన ఈ యాత్రికుల కథ మన పాఠ్య పుస్తకాల్లో ఎక్కడుంది? హిందువుకి అంటరానివాడు ముసల్మానుకీ అంటరానివాడే, పార్శీకీ అంటరానివాడే అన్న ముగింపుకి ఆయన ఈ ప్రయాణాల నుంచే వచ్చారు. మతాల గ్రంథాలు తిరగేసి వచ్చింది కాదు.

5

శీర్షిక సంగతి. 'వీసా' అన్న మాటని రచయిత లోపల వివరించరు. పాస్‌పోర్టు, వీసా పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి గట్టిపడింది. 1930ల పాఠకుడికి అది కొత్త అనుభవం. ఈ రచన మొదట్లోనే ఆయన విదేశీయుల్ని ఉద్దేశిస్తారు. అంటరానితనం ఉందని వాళ్ళకి తెలుసు, కానీ దాని పక్కన బతకలేదు గనుక దాని బరువు తెలియదు, అందుకే జరిగిన సంఘటనలే చెబుతానంటారు. అంటే ఇది భారతదేశం చూడ్డానికి వచ్చే పరదేశి కోసం రాసిన పుస్తకం. ఆ పరదేశికి వీసా దొరుకుతుంది. ఈ నేల మీద పుట్టినవాడు మాత్రం ప్రతి ఊరి పొలిమేర దగ్గరా, ప్రతి బావి గట్టు దగ్గరా అనుమతి కోసం నిలబడి ఉన్నాడు. అయిదో భాగంలో కఠియావాడ్ డాక్టరు బాలింతను ముట్టుకోకుండా, థర్మామీటరు ఇంకొకరి చేతికిచ్చి పెట్టించాడు. ఆ తల్లి చనిపోయింది. ఆ గుమ్మం దాటడానికి కూడా వీసా కావాలి.

విమర్శ అన్నాక ఆ రచన మౌనాన్ని కూడా అడగాలి. అంబేద్కర్ దిగిన 1913 నాటి అమెరికా నల్లవాళ్ళకి స్వేచ్ఛా దేశం కాదు. వాషింగ్టన్ ప్రభుత్వ కార్యాలయాల్లో నల్ల ఉద్యోగుల్ని వేరుచెయ్యడం ఆ ఏడే ముమ్మరమైంది. కొలంబియా పక్కనే హార్లెం ఉంది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో దీని ప్రస్తావన లేదు. ఆయనకి తెలియక కాదు. 1946లో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాస్తూ నీగ్రో సమస్యని తాను అధ్యయనం చేశానని చెప్పారు. ఈ రచన పరిధి వేరు గనుక వదిలేశారనుకోవచ్చు. అయితే 'అమెరికాలో వివక్ష లేదు' అని ఈ పుస్తకం ఆధారంగా చెప్పేవాళ్ళు ఆగి ఆలోచించాలి. ఒక దేశంలో ఊపిరి పీల్చుకున్న యాత్రికుడి పక్కనే ఊపిరాడని పౌరుడు ఉండొచ్చు.

ఇంకో యాత్రికుణ్ణి పక్కన పెడితే ఇది ఇంకా తేటపడుతుంది. అదే 1913 జూలైలో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ యువకుడు సియాటిల్‌లో దిగాడు. తరవాత అమెరికా సైన్యంలో చేరాడు, పౌరసత్వం అడిగాడు. తెల్లవాళ్ళకే పౌరసత్వం అన్న చట్టం ముందు అతని తరఫున చేసిన వాదన ఏమిటి? తాను ఉన్నత కులస్థుడు, ఆర్యుడు, కాబట్టి తెల్లవాడే. అమెరికన్ తెల్లవాడు నల్లవాడితో పెళ్ళిని ఎలా చూస్తాడో, ఉన్నత కులస్థుడు ఇక్కడి కింది జనంతో పెళ్ళినీ అలాగే చూస్తాడని కోర్టులో వాదించారు. 1923 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. తెల్లతనం నిర్ణయించే హక్కు ఆ కోర్టు తన దగ్గరే ఉంచుకుంది, అది వేరే అన్యాయం. మనకి కావాల్సింది ఇది: ఒక యాత్రికుడు కొత్త దేశంలో కులాన్ని మరిచిపోగలిగినందుకు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకొక యాత్రికుడి తరఫున కులాన్నే వీసాగా చూపించారు.

6

కులం ఓడ ఎక్కి పోతుందని మొదట కనిపెట్టింది కొత్త దేశాల గుమస్తాలు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రురో' ఓడ డర్బన్‌లో ఆగింది. 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా ఒప్పంద కూలీలు నాటాల్‌కి పోయారు. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఆ మనుషులకి కొత్త దేశం ఎలా కనబడిందో మన దగ్గర లేదు. కొత్త దేశానికి వాళ్ళెలా కనబడ్డారో మాత్రం ఉంది. అందులో కులం ఒక గడి.

కొలంబియాలో 1916 మేలో చదివిన 'కాస్ట్స్ ఇన్ ఇండియా' పత్రంలో అంబేద్కర్ కేత్కర్ మాటని ప్రస్తావించారు. హిందువులు ఇతర ప్రాంతాలకి వలసపోతే కులం ప్రపంచ సమస్య అవుతుందన్నది దాని సారం. అప్పటికి ఆయన దిగి మూడేళ్ళు కూడా కాలేదు. వందేళ్ళ తరవాత అది నిజమైంది. 2020లో కాలిఫోర్నియాలో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ మీద కుల వివక్ష కేసు పడింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షని నిషేధించింది. థింద్ దిగిన ఊరే అది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే 2023 అక్టోబర్‌లో గవర్నర్ తిప్పికొట్టాడు. ఇవాళ అక్కడ దిగే దళిత విద్యార్థికి 1913 నాటి మరుపు దొరకదు. అద్దె గదిలో చేరగానే ఇంటిపేరు అడుగుతారు. ఊళ్ళో ఎటువైపు అని అడుగుతారు. ఆ ప్రశ్న తెలుగులోనే వస్తుంది.

అయినా దూరం ఒక పని చేస్తుంది. గిడ్ల సుజాత న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' 2017లో వచ్చింది. ఆంధ్ర దళిత క్రైస్తవ కుటుంబం కథ అది. ఇండియాలో ఉన్నంత కాలం తమవి కథలన్న సంగతే తెలియదనీ, దేశం దాటి కొత్తవాళ్ళతో మాట్లాడాకే తెలిసిందనీ ఆమె ముందుమాటలో అంటుంది. ఇదీ తొలి ముద్రే. కొత్త దేశం ఆమెకి చూపించింది పాత ఊరినే. అంబేద్కర్‌కి జరిగింది తిరుగు ప్రయాణంలో జరిగింది, ఈమెకి దిగిన చోటే జరిగింది.

మరి మనం చెయ్యాల్సిన పని? కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళ మొదటి రోజు ఎక్కడా రాసి లేదు. వాడ నుంచి హాస్టల్‌కి వచ్చిన పిల్ల మొదటి రాత్రి రాసి లేదు. ఆ పిల్లకి యూనివర్సిటీ కూడా పరాయి దేశమే, అక్కడా ఎవరు ఎవరి పక్కన కంచం పెట్టారో గుర్తుంటుంది. కార్యకర్తలు వీటిని అడిగి రాయాలి. విద్యార్థులు తమవి తామే రాయాలి. ఉపాధ్యాయులు 'కాశీయాత్ర చరిత్ర' చెప్పే వారంలోనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చెప్పాలి. పిల్లల్ని ఒక్కటే అడగండి: ఈ ఇద్దరిలో ఎవరికి ఏ ఊళ్ళో నీళ్ళు దొరికాయి? జవాబులు రాయించి దాచండి. తెలుగు యాత్రా సాహిత్య చరిత్రని మళ్ళీ రాసేవాళ్ళకి అవి కావాలి.